‘సర్వీసుకు సంబంధం లేదు’ అన్న కాగితానికి జవాబు

(మాజీ సైనికులు, వీరనారీమణులు అంటే సైనికుల వితంతువుల సమావేశంలో చేసిన ప్రసంగం పాఠం)

అన్నలకూ తమ్ముళ్లకూ, ముందు వరసలో కూర్చున్న అమ్మలకూ అక్కచెల్లెళ్లకూ నమస్కారం.

నేను సైన్యంలో క్లర్క్‌గా పనిచేసినవాడిని. తుపాకీ కంటే ఫైలే ఎక్కువ పట్టుకున్నాను. అందుకే ఇవాళ యుద్ధం గురించి కాదు, ఒక కాగితం గురించి మాట్లాడతాను. మీలో చాలామంది ఇంట్లో బీరువాలోనో ట్రంకు పెట్టెలోనో ఉండే కాగితం అది. ‘మీ డిజేబిలిటీ పెన్షన్ క్లెయిమ్ తిరస్కరించడమైనది. మీ జబ్బుకు మిలటరీ సర్వీసు కారణం కాదు, సర్వీసు వల్ల అది పెరగనూ లేదు’ అని అందులో ఉంటుంది. ఇంగ్లిష్‌లో నైదర్ ఆట్రిబ్యూటబుల్ నార్ ఆగ్రవేటెడ్ అంటారు. ఫైళ్లలో పొట్టిగా ఎన్.ఏ.ఎన్.ఏ. అని రాసేస్తారు.

ఆ నాలుగు అక్షరాలు చూసి ‘ఇక మన రాత ఇంతే’ అనుకుని ఊరుకున్నవాళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఎంతమందో. పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం ఉంది, గిద్దలూరు, కంభం వైపు పల్లెలున్నాయి. తరతరాలుగా సైన్యానికి పిల్లల్ని పంపిన ఊళ్లు అవి. అలాంటి ఊళ్లకు వెళ్లి అరుగు మీద కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు ఆ ఉత్తరం తెచ్చి చూపిస్తారు. మడతల దగ్గర చిరిగిపోయి ఉంటుంది. ‘అప్పీలు చేశారా’ అని అడిగితే, ‘పెద్ద డాక్టర్లే రాశారు కదా, మనమేం చెప్తాం’ అంటారు.

ఈరోజు మీకు చెప్పదలచుకున్నది ఒక్కటే. నీ జబ్బు సర్వీసు వల్లే వచ్చిందని నిరూపించే భారం చట్టం నీ మీద పెట్టలేదు. సర్వీసు వల్ల కాదని ఎందుకు అంటున్నారో కారణం రాయాల్సింది వాళ్లు. మీరు చేయాల్సిందల్లా ఆ కారణాన్ని చదివి దానికి జవాబు ఇవ్వడం. మన అప్పీళ్లలో సగానికి సగం ‘పేదవాణ్ని, పిల్లలున్నారు, దయచేసి మంజూరు చేయండి’ అనే ఉంటాయి. ఇది దయతో ఇచ్చేది కాదు. రూల్ ఉంది. ఆ రూల్ మీద నిలబడి రాయాలి.

మరి ఆ రూల్ ఏమిటి? 1961 నాటి ఆర్మీ పెన్షన్ రెగ్యులేషన్లలో 173వ నిబంధన ఉంది. సర్వీసు వల్ల వచ్చిన లేదా సర్వీసు వల్ల పెరిగిన వైకల్యంతో, అది 20 శాతం గానీ ఆ పైన గానీ ఉండి, మనిషిని ఇంటికి పంపిస్తే డిజేబిలిటీ పెన్షన్ ఇవ్వాలని చెప్తుంది. ఏది సర్వీసు వల్ల వచ్చినట్టు, ఏది కానట్టు అని తేల్చడానికి 1982లో ఎంటైటిల్‌మెంట్ రూల్స్ వచ్చాయి. వాటిలో 5, 9, 14 నంబర్లు గుర్తుపెట్టుకోండి. కావాలంటే ఇప్పుడే రాసుకోండి.

ఐదో రూల్ ప్రకారం, భర్తీ సమయంలో నీ ఒంట్లో ఫలానా లోపం ఉందని రాసి ఉంటే తప్ప, నువ్వు పూర్తి ఆరోగ్యంతో చేరినట్టే లెక్క. తర్వాత అనారోగ్యంతో పంపించేస్తే ఆ క్షీణత సర్వీసు వల్ల జరిగినట్టే భావించాలి. తొమ్మిదో రూల్ ఇంకా స్పష్టంగా ఉంటుంది. అర్హత నిరూపించమని క్లెయిమ్ చేసిన మనిషిని అడగకూడదు, సహేతుకమైన అనుమానం ఉంటే దాని లాభం అతనికే ఇవ్వాలి. ఫీల్డ్‌లో, అంటే సరిహద్దుల్లాంటి చోట్లా, ఓడల మీదా పనిచేసినవాళ్ల విషయంలో ఇంకాస్త ఉదారంగా ఉండాలని కూడా అందులోనే ఉంది. ఇక పద్నాలుగో రూల్. భర్తీ వైద్య పరీక్షలో నమోదు కాని జబ్బు సాధారణంగా సర్వీసులో వచ్చినట్టే లెక్క. భర్తీ రోజున పరీక్షించినా ఆ జబ్బు బయటపడేది కాదని డాక్టర్లు అనుకుంటే, అలా ఎందుకు అనుకుంటున్నారో కారణాలు రాయాలి. కారణం రాయకుండా ఆ మాట అనడానికి లేదు.

ఈ మూడు రూల్స్‌నీ కలిపి సుప్రీంకోర్టు చదివింది 2013 జులై 2న, ధరమ్‌వీర్ సింగ్ కేసులో. ఆయన కథ మీరు తెలుసుకోవాలి, ఎందుకంటే మనలో చాలామంది కథ అదే. సిగ్నల్స్ కోర్‌లో సిపాయి. 1985 జూన్‌లో చేరాడు. తొమ్మిదేళ్ల దాకా పనిచేశాడు. మూర్ఛ వచ్చింది. 20 శాతం శాశ్వత వైకల్యం అని మెడికల్ బోర్డు, అంటే ఆర్మీ డాక్టర్ల బృందం, రాసి 1994లో ఇంటికి పంపేసింది. సర్వీసుకు సంబంధం లేదంది. పెన్షన్ ఇవ్వలేదు. హైకోర్టులో ఒక జడ్జి ఇమ్మంటే, ఇద్దరు జడ్జిల బెంచ్ వద్దంది. ఆయన వదల్లేదు, సుప్రీంకోర్టుకు వెళ్లాడు. అక్కడ జడ్జిలు చూసింది రెండే విషయాలు. చేరిన రోజున మూర్ఛ ఉందని ఎక్కడైనా రాశారా? లేదు. మరి సర్వీసుకు సంబంధం లేదనడానికి బోర్డు కారణం రాసిందా? అదీ లేదు. అలాంటప్పుడు రూల్ ప్రకారం సర్వీసులో వచ్చినట్టే, పెన్షన్ ఇవ్వాల్సిందే అన్నారు. మనిషి ఇంటికొచ్చిన పంతొమ్మిదేళ్లకు వచ్చిన తీర్పు అది. ఆ పంతొమ్మిదేళ్లు ఆ ఇల్లు ఎలా గడిచి ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

తర్వాత 2015 ఫిబ్రవరిలో రాజ్‌బీర్ సింగ్ కేసులో మళ్లీ అదే మాట చెప్పారు. 2025 ఏప్రిల్‌లో బిజేందర్ సింగ్ అనే మాజీ సిపాయి కేసులో కూడా అదే. ఆయన సియాచిన్‌లో పనిచేసినవాడు, ఆయనదీ మూర్ఛ జబ్బే. సియాచిన్‌కు పంపేముందు ఫిట్ అని రాసిన మనిషికి తర్వాత వచ్చిన జబ్బుకు సియాచిన్‌తో సంబంధం లేదంటే, మామూలు బుద్ధికైనా అందుతుందా చెప్పండి.

అలాగని నేను అంతా తేలికే అని మిమ్మల్ని మభ్యపెట్టను. ఓడిపోయిన కేసులూ ఉన్నాయి, వాటి గురించీ తెలియాలి. 2019 అక్టోబరులో నర్సింగ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ ఇవ్వలేదు. అది మానసిక జబ్బు. ఇలాంటివి భర్తీ పరీక్షలో బయటపడవు, బోర్డు చెప్పిన అభిప్రాయంలో తప్పు లేదు అన్నారు. ఈ తీర్పు చూపించి మానసిక జబ్బుల కేసులన్నీ పోయినట్టే అని కొందరు చెప్తుంటారు. అది నిజం కాదు. 2025 మేలో రాజుమోన్ కేసులో అదే సుప్రీంకోర్టు, అదీ మానసిక జబ్బు విషయంలోనే, బోర్డు కారణాలు రాయకపోతే ఆ అభిప్రాయం నిలవదని చెప్పింది. అందుకే ‘ఫలానా జబ్బుకు వస్తుంది, ఫలానా జబ్బుకు రాదు’ అనే లిస్టు మీ చేతిలో ఎవరైనా పెడితే నమ్మకండి. జబ్బు పేరు కంటే కూడా బోర్డు కాగితం మీద ఏం రాసి ఉందన్నదే తేలుస్తుంది.

కాబట్టి మొట్టమొదటి పని ఆ కాగితం సంపాదించడం. తిరస్కరణ ఉత్తరం కాదు నేను చెప్పేది, మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్. ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్ 16 అనే ఫారం. మధ్యలో బోర్డ్ అవుట్ చేస్తే, అంటే అనారోగ్యం వల్ల పంపేస్తే, ఇన్వాలిడింగ్ బోర్డు, టర్మ్ పూర్తయి వస్తే రిలీజ్ బోర్డు. మీ దగ్గర కాపీ లేకపోతే మీ రికార్డ్స్ ఆఫీసుకు రాయండి. ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీర్ల కోర్) వాళ్లకూ ఆర్డ్‌నెన్స్ కోర్ వాళ్లకూ రికార్డ్స్ మన సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. ఆర్టిలరీ అయితే నాసిక్, సిగ్నల్స్ అయితే జబల్‌పూర్, మద్రాస్ శాపర్లకు బెంగళూరు, మద్రాస్ రెజిమెంట్‌కు వెల్లింగ్టన్. ఉత్తరానికి జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. మీ ఒంటి గురించిన కాగితం మీకివ్వడానికి ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు.

అది చేతికొచ్చాక ఏం చూడాలి? నిదానంగా చదవండి, ఇంగ్లిష్ రాకపోతే చదువుకున్న పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. ఎక్కడెక్కడ పనిచేశారో ఊర్లూ తేదీలూ ఒక పట్టికలో ఉంటాయి. ఫీల్డా, పీసా (ప్రశాంతంగా ఉండే స్టేషనా) అని పక్కన రాసి ఉంటుంది. జబ్బు మొదట ఏ తేదీన, ఏ ఊళ్లో కనిపించిందో ఉంటుంది. తర్వాత ప్రశ్నలు వస్తాయి. ‘సర్వీసులో చేరకముందు ఈ వైకల్యం ఉందా?’ అన్న ప్రశ్నకు నేను చూసిన కాగితాల్లో దాదాపు అన్నిటిలో ‘లేదు’ అనే ఉంటుంది. ఆ ఒక్క మాట మీకు కొండంత అండ. దాని కింద ‘సర్వీసు కారణమా? సర్వీసు వల్ల పెరిగిందా? కారణాలు రాయండి’ అని ఇంకో గడి ఉంటుంది. మొత్తం కేసు ఆ గడిలోనే ఉంది.

ఒక మాజీ హవల్దారు కాగితం నా చేతికొచ్చింది. బీపీ, 30 శాతం. ఆ గడిలో రాసింది ఒకే ఒక్క వాక్యం: ‘పీస్ స్టేషన్‌లో మొదలైంది, ఫీల్డ్ సర్వీసుతో దగ్గరి సంబంధం లేదు.’ అంతే. ఆయన పోస్టింగ్‌ల పట్టిక తిప్పి చూశాను. ఆ పీస్ స్టేషన్‌కు రావడానికి కొన్ని నెలల ముందు దాకా ఆయన కశ్మీర్‌లో నియంత్రణ రేఖ మీద ఉన్నాడు. బీపీ ఒక్క రాత్రిలో పుట్టే జబ్బు కాదు. అది కనిపించింది పీస్‌లో కావొచ్చు, మొదలైంది ఎక్కడ? ఆ ప్రశ్న బోర్డు వేసుకోలేదు. అప్పీలులో మేం వేశాం. పట్టికలోని రెండు వరసల్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాసి, ‘ఈ రెండు పోస్టింగ్‌ల మధ్య తేడా ఎన్ని నెలలో బోర్డు చూడలేదు’ అని రాశాం.

ఈ పీస్ స్టేషన్ వాదన మీ అందరికీ ఎదురయ్యేదే, బీపీ, షుగర్, గుండె జబ్బులకు మరీ ఎక్కువ. ‘లైఫ్‌స్టైల్ డిజార్డర్’ అని ఇంకో మాట కూడా రాస్తారు. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు గవాస్ అనిల్ మాడ్సో కేసులో దీన్ని సూటిగా తేల్చింది. పీస్ స్టేషన్‌లో మొదలైంది అన్నంత మాత్రాన సర్వీసుకు సంబంధం లేనట్టు కాదు, లైఫ్‌స్టైల్ అనే ఒక్క మాట కారణం కాజాలదు, ఆ మనిషి విషయంలో ఏమిటో విడమరిచి రాయాలి అంది. పీస్ అంటే పడుకుని ఉండటం కాదని మనకు తెలుసు. పొద్దున పీటీ, రాత్రి గార్డు, ఎక్సర్‌సైజులు, నెలల తరబడి ఇంటికి దూరం. ఇంట్లో తల్లికి బాగాలేదంటే సెలవు దొరుకుతుందో లేదో అన్న టెన్షన్. ఇవన్నీ సర్వీసులో భాగాలే. అయితే అప్పీలులో ‘టెన్షన్ పడ్డాను’ అని ఊరికే రాస్తే లాభం లేదు. ఏ సంవత్సరం, ఏ యూనిట్, ఏం డ్యూటీ అని రాయండి.

ఇంకో పెద్ద విషయం, దీని మీద మనవాళ్లు సరిగ్గా దృష్టి పెట్టరు. రూల్‌లో రెండు తలుపులున్నాయి. ఒకటి, జబ్బు సర్వీసు వల్ల రావడం. రెండోది, ఎలా వచ్చినా సర్వీసు వల్ల పెరగడం. పెన్షన్ రెంటికీ సమానమే. చాలా అప్పీళ్లు మొదటి తలుపు దగ్గరే తల బాదుకుంటాయి. షుగర్ వంశపారంపర్యం అని బోర్డు రాసిందనుకోండి. సరే, కాసేపు అలాగే అనుకుందాం. కానీ షుగర్ ఉందని తెలిశాక, లో మెడికల్ కేటగిరీలో, అంటే పూర్తి ఫిట్ కానివాళ్ల జాబితాలో, పెట్టాక నిన్ను ఎక్కడికి పంపారు? వేళకు తిండి, వేళకు మందు దొరికే చోటేనా? కేటగిరీలో ‘కష్టమైన డ్యూటీలు వద్దు’ అని రాశాక కూడా చేయించారా? మొదటి రివ్యూలో ఉన్న స్థితికీ చివరి రివ్యూలో ఉన్న స్థితికీ తేడా ఎంత? ఈ రివ్యూ కాగితాలు మీ మెడికల్ డాక్యుమెంట్లలో వరసగా ఉంటాయి. వాటిని పక్కపక్కన పెడితే పెరుగుదల కళ్లకు కడుతుంది. అప్పీలులో ఎప్పుడూ రెండూ రాయండి: సర్వీసు వల్లే వచ్చింది, అది ఒప్పుకోకపోయినా సర్వీసు వల్ల పెరిగింది.

గాయాల విషయం కొంచెం వేరు. డ్యూటీలో ఉండగా దెబ్బ తగిలితే ఇంజురీ రిపోర్టు, కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ కాగితాలు ఉంటాయి, అవి ప్రాణం. సెలవులో ఉండగా తగిలితే? అక్కడ కోర్టులు రెండు రకాలుగా చెప్పాయి. మదన్ సింగ్ షేఖావత్ కేసులో, సెలవు మీద ఇంటికి ప్రయాణిస్తూ రైలు దగ్గర ప్రమాదం జరిగితే, అది కూడా డ్యూటీ కిందే లెక్క అని 1999లో సుప్రీంకోర్టు పెన్షన్ ఇప్పించింది. ఇంటికి చేరాక సొంత పని మీద తిరుగుతూ రోడ్డు ప్రమాదం జరిగితే ఇవ్వలేదు, అది 2011లో జుఝార్ సింగ్ కేసు. 2015లో విజయ్ కుమార్ కేసులో బంధువుల ఇంట్లో మెట్ల మీద నుంచి పడితే అదీ రాదన్నారు. కాబట్టి సెలవులో జరిగిన ప్రమాదమైతే ప్రయాణంలోనా, ఇంట్లోనా అన్నది చూసుకుని మరీ అడుగు వేయండి.

డబ్బు సంగతికి వద్దాం. శాతం అంటే ఏమిటి, దాని విలువెంత? 100 శాతం వైకల్యానికి డిజేబిలిటీ ఎలిమెంట్, అంటే పెన్షన్‌లో వైకల్యానికిచ్చే భాగం, మీ చివరి జీతంలో, అంటే లెక్కకు తీసుకునే జీతంలో 30 శాతం. దాని ప్రకారం 20 శాతానికి 6 శాతం వస్తుంది. జీతం 40,000 అనుకుంటే 2,400 రూపాయలు. ఇక్కడే బ్రాడ్ బ్యాండింగ్ వస్తుంది. 50 లోపు ఏ శాతమున్నా 50గా, 50 నుంచి 75 దాకా ఉంటే 75గా, 76 పైన ఉంటే 100గా లెక్కవేయాలి. అప్పుడు 20 శాతం కాస్తా 50 అవుతుంది, 2,400 కాస్తా 6,000 అవుతుంది. దాని మీద డియర్‌నెస్ రిలీఫ్ అదనం. ముందు దీన్ని బోర్డ్ అవుట్ అయినవాళ్లకే ఇచ్చేవారు. టర్మ్ పూర్తి చేసి రిటైర్ అయినవాళ్లకూ ఇవ్వాలని 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడున్న పెన్షనర్లలో పీపీఓలో (పెన్షన్ మంజూరు పత్రంలో) ఇంకా 20, 30, 40 అనే శాతాలతోనే డబ్బు తీసుకుంటున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండి. (సభలో కొందరు చేతులెత్తారు.) చూశారా. మీకు పెన్షన్ తిరస్కరించలేదు, కానీ రావాల్సింది రావడం లేదు. మీరూ అప్పీలు చేసుకోవాల్సినవాళ్లే.

20 కంటే తక్కువ ఉంటే? బోర్డ్ అవుట్ చేసి మధ్యలో పంపేస్తే, అంత పనికిరాని స్థితి అని పంపేశారు కాబట్టి 20 పైన ఉన్నట్టే అనుకోవాలని 2014లో సుఖ్విందర్ సింగ్ కేసులో అన్నారు. టర్మ్ పూర్తయి వచ్చినవాళ్లకు మాత్రం ఆ వాదన నిలవదు, 20 లోపు ఉంటే డిజేబిలిటీ ఎలిమెంట్ లేదు, బ్రాడ్ బ్యాండింగూ లేదని 2019లో వింగ్ కమాండర్ రాథోర్ కేసులో తేల్చేశారు. ఆ స్థితిలో ఉన్నవాళ్లు లాయర్లకు డబ్బు పోసే ముందు రెండుసార్లు ఆలోచించాలి.

ఇక దారి. తిరస్కరణ ఉత్తరం అందిన 6 నెలల్లో మొదటి అప్పీలు. దాన్ని రికార్డ్స్ ఆఫీసు ద్వారానే పంపాలి. అది పోతే రెండో అప్పీలు, ఢిల్లీలో పై కమిటీకి. ఆ తర్వాత ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రైబ్యునల్, అంటే సైనికుల కేసులు వినే ప్రత్యేక కోర్టు. 2007లో చట్టం వచ్చింది, 2009 నుంచి పనిచేస్తోంది. మన రెండు రాష్ట్రాలూ చెన్నై బెంచ్ కిందకు వస్తాయి. మీరు ఎక్కడ పనిచేసినా, రిటైర్ అయ్యాక మీరు నివసించే చోటును బట్టి అక్కడ వేసుకోవచ్చు. ముందు డిపార్ట్‌మెంట్‌లో ఉన్న దారులు వాడుకుని రావాలన్నది ట్రైబ్యునల్ నియమం. అలాగని ఆఫీసు జవాబివ్వకుండా కూర్చుంటే మీరూ అలాగే కూర్చోవాల్సిన పని లేదు. అప్పీలు పెట్టి 6 నెలలైనా ఉలుకూ పలుకూ లేకపోతే, ఆ తర్వాతి 6 నెలల్లో ట్రైబ్యునల్‌కు వెళ్లిపోవచ్చు. అందుకే ప్రతి ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపండి, ఆ రసీదు పారేయకండి. ట్రైబ్యునల్‌లో ఓడినా తలుపులు మూసుకుపోవు. హైకోర్టులో రిట్ వేసుకునే హక్కు ఉందని 2023 మార్చిలో పరశోతమ్ దాస్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

‘నాకు ఉత్తరం వచ్చి ఇరవై ఏళ్లయింది, ఇప్పుడు ఏం లాభం’ అనేవాళ్లకు ఒక మాట. పెన్షన్ అనేది నెలనెలా రావాల్సింది. రానప్పుడు ప్రతి నెలా కొత్తగా అన్యాయం జరుగుతున్నట్టే. అందుకే ఆలస్యమైందని మొత్తానికే కొట్టేయరు. కానీ 2008లో తార్సేమ్ సింగ్ కేసులో ఒక గీత గీశారు. ఎన్నేళ్లు ఆలస్యమైనా వెనకటి బకాయిలు మామూలుగా కేసు వేసిన రోజు నుంచి వెనక్కి 3 ఏళ్లకే ఇవ్వాలన్నారు. అంటే మీరు ఊరుకున్న ప్రతి ఏడాదీ మీ డబ్బు అటునుంచి కరిగిపోతూ ఉంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. 2008 రూల్స్‌లో, 15 ఏళ్లు దాటాక క్లెయిమ్ చేస్తే, అప్పటికి సర్వీసు కాగితాలు కాలపరిమితి తీరి ధ్వంసం చేసి ఉంటే, నిరూపించే భారం క్లెయిమ్ చేసినవాడి మీద పడుతుందని రాశారు. ఇందాక నేను చెప్పిన అండ మీ చేతుల్లోంచి జారిపోయే చోటు అదే. డాక్యుమెంట్లు ఉండగానే కాపీలు తెచ్చుకోండి. ఈ వారమే రాయండి.

రూల్స్ ఏవి వర్తిస్తాయన్నది మీరు ఎప్పుడు బయటికొచ్చారన్న దాన్ని బట్టి ఉంటుంది. 1982వి ఉన్నాయి, 2008వి ఉన్నాయి. 2023 సెప్టెంబరు 21న మళ్లీ కొత్తవి వచ్చాయి. ఆ తేదీ తర్వాత రిటైర్ అయినవాళ్లకు ఈ కొత్త రూల్సే. సర్వీసులో కొనసాగి రిటైర్ అయినవాళ్లకు ఇచ్చేదాన్ని ఇందులో ‘ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్’ అని పేరు మార్చారు. ఈ మార్పు మన జవాన్లకు మేలు చేసిందని నేను అనుకోను. పేరు మారినా బోర్డు కాగితంలో ఆ గడి అలాగే ఉంది, కారణం రాయాల్సిన బాధ్యతా అలాగే ఉంది. ఇంకా సర్వీసులో ఉన్న మీ అబ్బాయిలకు, తమ్ముళ్లకు ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పండి: ఒంట్లో ఏ తేడా ఉన్నా ఓర్చుకుని దాచుకోవద్దు, ఎంఐ రూమ్‌కు, అంటే యూనిట్ వైద్యశాలకు, వెళ్లి రాయించుకోమని. మగతనమనీ, కేటగిరీ పడితే ప్రమోషన్ ఆగుతుందనీ దాచినవాళ్లే తర్వాత కాగితం లేక ఇబ్బంది పడుతున్నారు. దెబ్బ చిన్నదైనా ఇంజురీ రిపోర్టు పెట్టించుకోవాలి.

అమ్మలకు రెండు మాటలు. భర్త డిజేబిలిటీ పెన్షన్ కోసం తిరిగి తిరిగి, అది రాకుండానే పోయి ఉంటే, ఆయనకు రావాల్సిన బకాయి వారసులుగా మీరు అడగవచ్చు. కేసు నడుస్తుండగా పోతే ఆ కేసు మీ పేరు మీద కొనసాగుతుంది. లాయరు ఖర్చుకు భయపడకండి. 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం ప్రకారం ఆడవాళ్లకూ వికలాంగులకూ ఉచిత న్యాయ సహాయం హక్కు, అక్కడ ఆదాయం లెక్క చూడరు. 2025 జులైలో వీర్ పరివార్ సహాయతా యోజన అని మొదలుపెట్టారు, సైనిక్ బోర్డుల దగ్గరే న్యాయ సహాయ కేంద్రాలు పెట్టడం దాని ఉద్దేశం. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి అడగండి. అడగందే ఎవరూ చెప్పరు. ‘బకాయిల్లో సగం ఇవ్వు, పని చేసిపెడతా’ అని ఊళ్లమీద తిరిగే ఏజెంట్లకు మాత్రం ఒరిజినల్ డిశ్చార్జ్ బుక్కూ పీపీఓ ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి. అవి తిరిగి రావడానికి ఏడ్చినవాళ్లను నేను చూశాను.

అప్పీలు ఎలా ఉండాలో ఒకటి చదివి ముగిస్తాను. రెండు పేజీలు దాటకూడదు. పైన నంబరు, ర్యాంకు, పేరు, తిరస్కరణ ఉత్తరం నంబరు, తేదీ. తర్వాత ఇలా:

‘నేను ఫలానా తేదీన భర్తీ అయినప్పుడు వైద్య పరీక్షలో ఏ లోపమూ నమోదు కాలేదు. మెడికల్ బోర్డు కూడా చేరకముందు ఈ జబ్బు లేదనే రాసింది. ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం దాకా ఫలానా చోట ఫీల్డ్‌లో పనిచేశాను. జబ్బు మొదటిసారి ఫలానా తేదీన, సర్వీసు మొదలైన ఇన్నేళ్లకు, ఫలానా మిలటరీ ఆసుపత్రిలో నమోదైంది. సర్వీసుకు సంబంధం లేదనడానికి బోర్డు రాసిన కారణం ఇది. ఆ కారణం ఈ కింది విషయాల వల్ల నిలవదు. ఆ జబ్బు సర్వీసులో పెరిగిందనడానికి ఈ రివ్యూ కాగితాలు ఆధారం. కాబట్టి సర్వీసు వల్ల వచ్చినట్టుగా గానీ, పెరిగినట్టుగా గానీ గుర్తించి, డిజేబిలిటీ ఎలిమెంట్‌ను 50 శాతానికి రౌండ్ చేసి, రిలీజ్ అయిన మర్నాటి నుంచి మంజూరు చేయాలి.’

ఇంతే. ఇందులో ‘దయచేసి’ అన్న మాట ఎక్కడా లేదు, చూడండి. కింద జత చేసే కాగితాలు: తిరస్కరణ ఉత్తరం, బోర్డు ప్రొసీడింగ్స్, డిశ్చార్జ్ బుక్ కాపీ, ఉంటే పీపీఓ, ఆసుపత్రి డిశ్చార్జ్ స్లిప్పులు.

భోజనాల తర్వాత నేనూ, ఇద్దరు లాయర్లూ సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాం. తిరస్కరణ ఉత్తరం వచ్చి 6 నెలలు ఇంకా దాటనివాళ్లు ముందు రండి, మీకు గడువు తక్కువ. బోర్డు కాగితం తెచ్చినవాళ్లు రెండో వరసలో, అది లేనివాళ్లు మూడో వరసలో కూర్చోండి. మూడో వరస వాళ్లకు సమాచార హక్కు దరఖాస్తులు ఇవాళే రాయిద్దాం. పోస్టల్ ఆర్డర్లు ఆ బల్ల మీద ఉన్నాయి.